వెంగమాంబ పేరు తెలుసు, ఆమె నాటకాలు ఎందుకు తెలియవు?

తిరుమలలో దర్శనం అయ్యాక చాలామంది అడుగులు నేరుగా మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద సముదాయం వైపే పడతాయి. వరసలో కూర్చుంటాం, వడ్డిస్తారు, కడుపునిండా తిని లేస్తాం. రాత్రి ఏకాంత సేవలో స్వామికి ఇచ్చే ముత్యాల హారతి కూడా ఆమె పేరుతో ముడిపడినదే. 1730లో తరిగొండలో పుట్టి, 1817లో తిరుమలలో తనువు చాలించిన భక్త కవయిత్రిగా వెంగమాంబ తెలుగువాళ్ళకు కొత్త కాదు.

ఆమె నాటకాలు రాశారని మాత్రం మనలో చాలామందికి తెలియదు. చెంచు నాటకం, రుక్మిణీ నాటకం, బాలకృష్ణ నాటకం, శివ నాటకం, గోపీ నాటకం. పేర్లలోనే నాటకం అన్న మాట ఉంది. అయినా తెలుగు నాటక చరిత్ర చెప్పమని ఎవరినైనా అడగండి. కోరాడ రామచంద్రశాస్త్రితో మొదలుపెట్టి, కందుకూరి, ధర్మవరం, గురజాడ అంటూ వెళ్తారు. ఆ వరసలో వెంగమాంబ ఉండరు.

ఇలాంటి ఖాళీలు ప్రపంచమంతటా ఉన్నాయి. కొన్ని దశాబ్దాలుగా లండన్, న్యూయార్క్, పారిస్ లాంటి చోట్ల పాత నాటక రచయిత్రులను వెతికి మళ్ళీ వేదిక మీదికి తెస్తున్నారు. ‘మరుగున పడిన రచయిత్రి’, ‘వందేళ్ళ తర్వాత వెలుగులోకి’ అన్న వార్తలు మనమూ చదువుతున్నాం. చదివినప్పుడల్లా కొన్ని సందేహాలు వస్తాయి. అంత మంచి నాటకమైతే మరుగున ఎందుకు పడింది? ఆడవాళ్ళు రాశారు కాబట్టే ఇప్పుడు ఎత్తుకుంటున్నారా? అసలు ‘వెలికి తీయడం’ అంటే ఏం చేస్తారు? న్యాయమైన ప్రశ్నలే. వీటికి ఒక్క జవాబు లేదు, ఎందుకంటే ఒక్కో రచయిత్రి ఒక్కో రకంగా కనుమరుగయ్యారు.

నాటకానికి ఒక్క అచ్చు సరిపోదు

నవల ఒకసారి అచ్చయితే చాలు, ఏ గ్రంథాలయం మూలనో పడి ఉన్నా అది నవలే. యాభై ఏళ్ళ తర్వాత ఎవరైనా దుమ్ము దులిపి చదువుకోవచ్చు. నాటకం అలా కాదు. ముందు రాతప్రతి ఉండాలి, తర్వాత ఎవరో డబ్బు పెట్టి ఆడించాలి, ఆడినదాన్ని ఎవరో అచ్చు వేయాలి, ఆ పుస్తకం చూసి ఇంకో తరం మళ్ళీ ఆడాలి. చివరికి పాఠ్యపుస్తకంలోకి ఎక్కాలి. ఇన్ని చేతులు మారాలి కాబట్టి ఎక్కడైనా తెగిపోవచ్చు.

విమర్శకులు ‘కానన్’ అనే మాట వాడుతుంటారు. మన భాషలో చెప్పాలంటే, ఇవి తప్పక చదవాలి, వీటిని తప్పక ఆడాలి అని ఒక సమాజం మనసులో పెట్టుకున్న జాబితా. దాన్ని ఏ కమిటీ కూర్చుని తయారు చేయదు. సిలబస్ రాసేవాళ్ళు, చరిత్ర రాసేవాళ్ళు, ఈ ఏడాది ఏ నాటకం వేద్దామని ఆలోచించే సమాజాలవాళ్ళు ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ పోతే అది తయారవుతుంది. అందుకే ఫలానావాళ్ళు కావాలని తొక్కేశారని చెప్పడం చాలాసార్లు కష్టం. తొక్కేసిన సందర్భాలు లేవని కాదు, వాటి దగ్గరికీ వస్తాను.

మఠంలో దొరికిన ప్రతి, దాని మీద పడ్డ అనుమానం

మొదట పూర్తిగా కనిపించకుండా పోయిన రచయిత్రి సంగతి చూద్దాం. జర్మనీలో గాండర్స్‌హైమ్ అనే చోట ఒక క్రైస్తవ మఠం ఉండేది. 10వ శతాబ్దంలో అక్కడ నివసించిన హ్రోత్స్‌విత లాటిన్ భాషలో ఆరు నాటకాలు రాశారు. పాత రోమన్ నాటకకర్త టెరెన్స్ హాస్యాల్లో ఆడవాళ్ళను చూపిన తీరు ఆమెకు నచ్చలేదు. అదే రూపం తీసుకుని, పట్టుదల గల స్త్రీల కథలు చెబుతానని పీఠికలో రాసుకున్నారు. తనను తాను ‘గాండర్స్‌హైమ్ గట్టి గొంతు’ అని పిలుచుకున్నారు.

ఆమె నాటకాల్లో ఒకటి డల్సిటియస్. అందులో ఒక అధికారి ముగ్గురు అమ్మాయిల్ని బంధించి, రాత్రి చీకట్లో వాళ్ళ మీదికి వెళ్తాడు. మతి తప్పి వంటపాత్రలను కావలించుకుని ముద్దులు పెడతాడు. ఒళ్ళంతా మసి పూసుకుని బయటికొస్తే, సొంత సైనికులే దయ్యమనుకుని పారిపోతారు. వెయ్యేళ్ళ కిందటి ఈ ఘట్టాన్ని మన పగటి వేషగాళ్ళు ఆడినా జనం పడి పడి నవ్వుతారు.

ఆ రాతప్రతి 1490ల్లో కాన్రాడ్ సెల్టిస్ అనే పండితుడికి రేగెన్స్‌బర్గ్ మఠంలో దొరికింది. 1501లో అచ్చు వేశాడు. కథ అక్కడితో అయిపోలేదు. 1867లో జోసెఫ్ ఆష్‌బాక్ అనే చరిత్రకారుడు, ఇవి సెల్టిస్ తన మిత్రులతో కలిసి సృష్టించిన దొంగ రాతలని వాదించాడు. ఆ కాలపు సన్యాసిని ఇంత చదువు, ఇంత చమత్కారం చూపించగలదా అన్నది అతని అనుమానం. రాతప్రతి నిజంగానే సెల్టిస్ పుట్టక ముందు కొన్ని వందల ఏళ్ళ నాటిదని తేలడంతో ఆ వాదం నిలబడలేదు. 1914లో లండన్‌లో ఈడిత్ క్రెయిగ్ నడిపిన పయనీర్ ప్లేయర్స్ బృందం ఆమె నాటకం పాఫ్నూషియస్‌ను వేదిక ఎక్కించింది. అంటే రాసిన దగ్గర్నుంచి ఆ ప్రదర్శన దాకా దాదాపు తొమ్మిదిన్నర శతాబ్దాలు. ఆమె కాలంలో ఆ నాటకాలను ఆడారా, చదివి వినిపించుకున్నారా అన్నది పండితుల మధ్య ఇంకా తెగని చర్చే.

ఇది వెలికితీతలో మొదటి రకం. ప్రతి దొరకాలి, దొరికాక అది ఆమెదేనని రుజువు కావాలి.

ఆఫ్రా బెన్: హాలు నిండిన నాటకాలు ఎలా ఆగిపోయాయి

రెండో రకం ఇంకా ఆలోచింపజేస్తుంది. అందరికీ తెలిసిన, డబ్బులు వసూలు చేసిన రచయిత్రి ఎలా పోతారు?

ఇంగ్లండ్‌లో 1660 దాకా ఆడ వేషాలు మగపిల్లలే వేసేవారు. మన స్థానం నరసింహారావు గారి తరం దాకా తెలుగు నాటకంలో మగవాళ్ళు ఆడ వేషం కట్టినట్టే అనుకోండి, కాకపోతే అక్కడ ఆ వేషాలకు కుర్రాళ్ళను తీసుకునేవారు. రెండో చార్లెస్ రాజయ్యాక నటీమణులు వేదిక ఎక్కారు. పదేళ్ళు తిరిగేసరికి, 1670లో, ఆఫ్రా బెన్ మొదటి నాటకం వచ్చింది. ఆమె అంతకుముందు రాజు తరఫున ఆంట్వెర్ప్‌లో గూఢచారిగా పనిచేశారు. తర్వాత దాదాపు 19 నాటకాలు రాశారు, రాసి బతికారు.

అప్పటి లెక్క ఇలా ఉండేది. మొదటి రెండు రాత్రుల వసూళ్ళలో రచయితకు వాటా లేదు. మూడో రాత్రి ఖర్చులు పోగా మిగిలింది రచయితది. నాటకం రెండు రోజులకే ఎత్తేస్తే రచయిత చేతికి ఆ పద్దు కింద ఏమీ రాదు, మూడో రోజు హాలు నిండితే కొన్ని నెలల బతుకు గడుస్తుంది. దీన్ని బట్టి ఒకటి అర్థమవుతుంది. రచయిత్రి అన్న జాలితో నాటకం ఆడించే ఏర్పాటు అక్కడ లేదు. ఏటా ఆమె నాటకాలు తీసుకున్నారంటే టిక్కెట్లు తెగాయి కాబట్టే.

1677లో వచ్చిన ది రోవర్ ఆమె నాటకాల్లో బాగా ఆడింది. నేపుల్స్‌లో కార్నివాల్ రోజుల్లో జరిగే కథ. సన్యాసిని కావాల్సిన హెలెనా ముసుగు వేసుకుని వీధిలోకి వచ్చి తన జోడీని తనే వెతుక్కుంటుంది. ఆంజెలికా అనే వేశ్య తన బొమ్మను ఇంటి ముందు వేలాడదీసి ధర ప్రకటిస్తుంది. కట్నం లెక్కలతో జరిగే పెళ్ళికీ తన వ్యాపారానికీ తేడా ఏమిటని ఆ పాత్ర నిలదీస్తుంది. కట్నాల సంగతి తెలిసిన మనకు ఆ ఘట్టం పరాయిది అనిపించదు. ఈ నాటకం మొదట అచ్చయిన ప్రతుల మీద రచయిత పేరు లేదు. తర్వాతి ప్రతుల మీద వచ్చింది.

ఆమె 1689లో చనిపోతే వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేశారు. ది రోవర్ 18వ శతాబ్దం మధ్య దాకా ఆడింది. 1790లో జాన్ కెంబుల్ దాన్ని కత్తిరించి, పేరు మార్చి ఆడించాడు. ఆ తర్వాత విక్టోరియా కాలపు మర్యాదస్తులు ఆమె రాతల్ని బూతు అన్నారు. అంతే, ఆడటం ఆగింది. ఆడనిదాన్ని చరిత్ర రాసేవాళ్ళు ఒక తిట్టుతో సరిపెట్టారు. 1915లో ఆరు సంపుటాలుగా ఆమె రచనలు మళ్ళీ అచ్చయ్యాయి. ఆడవాళ్ళంతా కలిసి ఆఫ్రా బెన్ సమాధి మీద పూలు చల్లాలని 1929లో ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ రాశారు. రాయల్ షేక్స్‌పియర్ కంపెనీ ది రోవర్‌ను వేసింది మాత్రం 1986లో.

ఇక్కడ ఒక సంగతి నిజాయితీగా చెప్పుకోవాలి. బూతు అన్న నింద మగవాళ్ళకూ తగిలింది. బెన్ సమకాలికుడు విచర్లీ నాటకం ది కంట్రీ వైఫ్ అసలు రూపంలో 1753 నుంచి 1924 దాకా వేదిక ఎక్కలేదు. కాబట్టి ఆమెను ఆడది కాబట్టే తీసేశారని గీత గీసి చెప్పలేం. అయితే కాలం మారాక ఎవరు ముందు తిరిగొచ్చారో చూడండి. విచర్లీ 1924లో వచ్చాడు. బెన్ ఒక పెద్ద జాతీయ స్థాయి సంస్థ వేదిక మీదికి రావడానికి ఇంకో 62 ఏళ్ళు పట్టింది. నా మటుకు అసలు తేడా అక్కడే ఉంది. ఇద్దరినీ ఒకే కారణంతో పక్కన పెట్టారు, తలుచుకోవడంలో మాత్రం తేడా వచ్చింది.

ఆడకపోవడం వల్లే పోయారనుకుంటే సుసానా సెంట్‌లీవర్ కథ దానికీ అడ్డు వస్తుంది. ఆమె 1714లో రాసిన ది వండర్ నాటకంలోని డాన్ ఫెలిక్స్ పాత్ర మహానటుడు డేవిడ్ గారిక్‌కు ఎంత ఇష్టమంటే, 1776లో వేదికకు వీడ్కోలు చెప్పిన రాత్రి ఆ వేషమే వేశాడు. ఆమె నాటకాలు 19వ శతాబ్దంలోనూ ఆడాయి. అయినా గారిక్ పేరు తెలిసినవాళ్ళలో ఎంతమందికి ఆమె పేరు తెలుసు?

పేరు బదులు రెండు అక్షరాలు

1613లో ఇంగ్లీషులో ఒక విషాద నాటకం అచ్చయింది, ది ట్రాజెడీ ఆఫ్ మరియం. ఒక స్త్రీ సొంతంగా రాసిన ఇంగ్లీషు నాటకం అచ్చు కావడం అదే మొదలు. పుస్తకం మీద రచయిత పేరు బదులు ‘ఇ.సి.’ అన్న పొడి అక్షరాలున్నాయి. ఆమె ఎలిజబెత్ కేరీ. గొప్పింటి స్త్రీ పేరు బజారులో కనపడటం మర్యాద కాదన్న రోజులవి.

మూడు వందల ఏళ్ళ తర్వాత కూడా ఇదే జరిగింది. 1912లో లండన్ రాయల్ కోర్ట్‌లో రూథర్‌ఫర్డ్ అండ్ సన్ అనే నాటకం ఆడింది. రచయిత కె.జి. సోవర్‌బీ. ఉత్తర ఇంగ్లండ్‌లో గాజు కార్ఖానా నడిపే ఒక తండ్రి, ఆ కార్ఖానా కోసం పిల్లల్ని ఒక్కొక్కరినీ నలిపేసే కథ. మగవాళ్ళ లోకం, ఫ్యాక్టరీ లెక్కలు, కూలీల మాటతీరు, అన్నీ ఖచ్చితంగా ఉన్నాయి. రాసింది యువతి అని తెలిసేసరికి పత్రికలవాళ్ళు ఆశ్చర్యపోయారు. కేథరిన్ గీతా సోవర్‌బీ గాజు తయారుచేసే కుటుంబంలోనే, గేట్స్‌హెడ్‌లో పుట్టారు. ఆమె రాసింది ఇంట్లో చూసినదే.

చివరి ఘట్టం ఒక్కటి చెబుతాను. కొడుకు వెళ్ళిపోయాక కోడలు మేరీ, ముసలి రూథర్‌ఫర్డ్‌తో బేరానికి కూర్చుంటుంది. నాకూ నా బిడ్డకూ పదేళ్ళు ఇంట్లో చోటిచ్చి పోషించు, ఆ తర్వాత పిల్లవాడు నీ కార్ఖానాకు వారసుడవుతాడు అంటుంది. ఏడుపు లేదు, ప్రాధేయపడటం లేదు. జీవితమంతా బేరాలాడినవాడితో ఆమె బేరం భాషలోనే మాట్లాడుతుంది. ఉమ్మడి ఆస్తి, వారసత్వం అన్న గొడవల మధ్య బతికిన ఏ తెలుగు ఇంటివాళ్ళకైనా ఆ ఘట్టం గుండెలో గుచ్చుకుంటుంది.

లండన్‌లో 133 ప్రదర్శనలు ఆడింది, న్యూయార్క్ వెళ్ళింది. తర్వాత సోవర్‌బీ ఇంకా నాటకాలు రాశారు. వాటికి ఆ ఆదరణ రాలేదు. 1970లో చనిపోయే ముందు తన కాగితాలను ఆమే తగలబెట్టేశారు. ఆ నాటకం 1991లో ఒక సంకలనంలో మళ్ళీ అచ్చయింది, 1994లో నేషనల్ థియేటర్‌లో కేటీ మిచెల్ దర్శకత్వంలో ఆడింది, 2019లో అదే సంస్థ మళ్ళీ వేసింది. వరస గమనించండి. ముందు చేతికందే పుస్తకం వచ్చింది, తర్వాత వేదిక. కె.జి. అన్న అక్షరాలు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు పోస్టర్ మీద గీతా సోవర్‌బీ అనే ఉంటుంది.

వంటింట్లో దొరికిన సాక్ష్యం

సూజన్ గ్లాస్పెల్ అమెరికాలో ఐయోవా రాష్ట్రంలో విలేకరిగా పనిచేశారు. 1900 డిసెంబరులో అక్కడ ఒక రైతు నిద్రలోనే గొడ్డలి దెబ్బలకు చనిపోతే, భార్య మీద కేసు పెట్టారు. ఆ కేసు వార్తలు రాసింది గ్లాస్పెలే. 1916లో ఆ అనుభవంలోంచి ట్రైఫిల్స్ అనే ఏకాంకిక రాశారు. మాటకు అర్థం ‘పనికిమాలిన చిన్న విషయాలు’ అని.

షెరీఫ్, లాయరు, ఒక పొరుగు రైతు హత్య జరిగిన ఇంటికి వస్తారు. కారణం ఏమిటో వెతకాలి. మేడ మీద, కొట్టంలో అంతా గాలిస్తారు. వంటింట్లో ఏముంటుంది, గిన్నెలు తప్ప అని వదిలేస్తారు. వాళ్ళతో వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు వంటింట్లోనే కూర్చుంటారు. సగం తుడిచిన బల్ల కనిపిస్తుంది. బొంత కుట్టులో ఒక్కచోట మాత్రం దారం అడ్డదిడ్డంగా పోయి ఉంటుంది. విరిగిన పంజరం తలుపు కనిపిస్తుంది. చివరికి కుట్టు డబ్బాలో పట్టుగుడ్డలో చుట్టిన, మెడ విరిచిన పిట్ట దొరుకుతుంది. భర్త ఎలాంటివాడో, ఆ ఇంట్లో ఆమె ఎలా బతికిందో వాళ్ళకు అర్థమైపోతుంది. మగవాళ్ళు వెతుకుతున్న కారణం వీళ్ళ చేతిలో ఉంది. ఆ పిట్టను దాచేస్తారు.

నేను ఈ నాటకం చదివిన ప్రతిసారీ, మరుగున పడ్డ రచయిత్రుల సమస్య మొత్తం ఇందులోనే ఉందనిపిస్తుంది. సాక్ష్యం లేకపోలేదు. ఏది సాక్ష్యం, ఏది చిల్లర అన్నది ముందే తేల్చేసుకుని వెతికారు.

గ్లాస్పెల్ విషయంలోనూ అదే జరిగింది. ఆమె, భర్త జార్జ్ క్రామ్ కుక్ కలిసి మొదలుపెట్టిన ప్రావిన్స్‌టౌన్ ప్లేయర్స్ బృందమే, తర్వాత పెద్ద నాటకకర్తగా పేరుపడ్డ యూజీన్ ఓనీల్‌ను మొదట వేదిక ఎక్కించింది. 1931లో ఆమెకు నాటకానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. అయినా చాలాకాలం పుస్తకాల్లో ఆమె పేరు ‘ఓనీల్‌ను కనిపెట్టిన బృందంలో ఒకరు’ అన్న వాక్యంలోనే ఉండిపోయింది. 1970ల్లో స్త్రీవాద విమర్శకులు ఆమెను మళ్ళీ చదవడం మొదలుపెట్టాక ట్రైఫిల్స్ అమెరికా క్లాసురూముల్లోకి వచ్చింది.

నాటకం అంటే ఏమిటన్న గడప

మళ్ళీ మన దగ్గరికి వద్దాం. తొలి తెలుగు నాటకం ఏదంటే 1860 ప్రాంతంలో కోరాడ రాసిన మంజరీ మధుకరీయం అని ఎక్కువమంది చెబుతారు. ఆ జవాబు వెనక ఒక నిర్వచనం ఉంది. అంకాలుగా విడగొట్టి, సంస్కృత పద్ధతిలోనో ఇంగ్లీషు పద్ధతిలోనో రాసినదే నాటకం. పాట, దరువు, ద్విపద, మాట కలిపి ఆడే యక్షగానం వేరే గూటిలోకి పోతుంది. జానపదం, గేయ సాహిత్యం, భక్తి సాహిత్యం, ఏదైనా కావచ్చు గానీ నాటక చరిత్రలో అది ముందుమాట మాత్రమే.

ఈ నిర్వచనం ఆడవాళ్ళను తీసేయడానికి పెట్టింది కాదు. యక్షగానం రాసిన మగవాళ్ళనూ అది పక్కన పెడుతుంది. తంజావూరు రాజు విజయరాఘవ నాయకుడే స్వయంగా యక్షగానాలు రాశాడు. కానీ ఫలితం చూడండి. 1860కి ముందు తెలుగులో ఆడదగిన రచనలు చేసిన స్త్రీలు కనిపించేది యక్షగానంలోనే. ఆ గడప దగ్గర గీత గీస్తే వాళ్ళు బయటే నిలబడిపోతారు.

అదే విజయరాఘవుడి కొలువులో 17వ శతాబ్దంలో పసుపులేటి రంగాజమ్మ ఉన్నారు. రాజు ఆమెకు కనకాభిషేకం చేశాడు. ఆమె మన్నారుదాస విలాసం అన్న ఒకే కథను ప్రబంధంగానూ యక్షగానంగానూ రాశారు. నాయకుడు ఆ రాజే, నాయిక కాంతిమతి. ఒకే కథను చదువుకోవడానికొక రూపంలో, ఆడటానికొక రూపంలో రాసిన మనిషికి వేదికకు ఏం కావాలో తెలియదంటామా? రెండు రూపాలనూ పక్కపక్కన పెట్టి చదివితే నాటక రచన గురించి నేర్చుకోవలసింది చాలా ఉంటుంది.

వెంగమాంబ నాటకాలూ యక్షగానాలే, కానీ ఆమె విషయం కాస్త వేరు. ఆమెను ఎవరూ మర్చిపోలేదు. భక్తురాలన్న పెద్ద గుర్తింపు నాటకకర్తను కప్పేసింది. యక్షగానాన్ని నాటకంగా లెక్కించకూడదనే వాళ్ళకూ ఒక కారణం ఉంది: ఆ రెండింటి ప్రదర్శన, ప్రేక్షకులు, ఉద్దేశం వేరు, ఒకే పేరు పెడితే యక్షగానానికి ఉన్న ప్రత్యేకతే పోతుందంటారు. తీసిపారేయదగ్గ మాట కాదు. అయితే నాటక చరిత్ర అన్న చోట ఆధునిక నాటక చరిత్ర అని రాస్తే చాలు, ఇద్దరి మాటా నిలబడుతుంది.

ఎక్కడ వెతుకుతారు

బ్రిటన్‌లో 1737 చట్టం ప్రకారం కొత్త నాటకం ఆడాలంటే ముందు ప్రభుత్వానికి ప్రతి ఇచ్చి అనుమతి తెచ్చుకోవాలి. ఆ పద్ధతి 1968 దాకా నడిచింది. నోరు నొక్కడానికి పెట్టిన ఆ ఏర్పాటు వల్లే అచ్చుకాని వేల నాటకాలు భద్రంగా మిగిలాయి. 1824 నుంచి వచ్చినవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అమెరికాలో నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ కాపీరైట్ కోసం పంపిన పది నాటకాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో దశాబ్దాల పాటు పడి ఉండి, 1997లో బయటపడ్డాయి. అప్పటికి ఆమె చనిపోయి 37 ఏళ్ళు.

పరిష్కరణ, అంటే ప్రతులు పోల్చి సరైన పాఠం తేల్చడం, ఎంత ముఖ్యమో మనకు గాయని బెంగళూరు నాగరత్నమ్మ చూపించారు. తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనం నాటకం కాదు, కావ్యం. కానీ పాఠం ఒక్కటే. అప్పటికే అచ్చయిన ప్రతిలో ముద్దుపళని తన వంశం గురించి చెప్పుకున్న పీఠిక పద్యాలు లేవు. నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, పోల్చి చూసి, 1910లో పూర్తి పాఠం అచ్చు వేయించారు. స్త్రీల చదువు కోసం అంత పోరాడిన వీరేశలింగం గారే ఆ కావ్యాన్ని ఆడవాళ్ళు వినకూడనిదిగా చూశారు. ప్రభుత్వం నిషేధించింది. ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు ఆ నిషేధం పోయింది, 1952లో వావిళ్ళవారు మళ్ళీ అచ్చు వేశారు.

మంచిదైతే అదే నిలబడుతుందా?

కాలమే గొప్ప జల్లెడ, నిలవాల్సింది నిలుస్తుంది అన్నది ఒక పక్షం. వాళ్ళ దగ్గర బలమైన ఆధారమే ఉంది. ఏ కాలంలో చూసినా, ఎవరు రాసినా, ఎక్కువ నాటకాలు పోయేవే. పోయిన ప్రతిదీ వజ్రం కాదు. వెలికితీసినవాటిలోనూ చప్పగా ఉండేవి ఉన్నాయి, అది చెప్పడానికి మొహమాటపడనక్కరలేదు.

రెండో పక్షం అడిగేది, జల్లెడలో అందరినీ పోశారా అని. కన్యాశుల్కాన్నే తీసుకోండి. 1892లో మొదట ఆడారు, 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాశారు, ఆ తర్వాత ఎన్ని సమాజాలు, ఎంతమంది గిరీశాలు, ఎంతమంది మధురవాణులు! ఒక్కో నటుడు ఆ పాత్రలో ఒక్కో మెరుపు కనిపెట్టాడు. ఆ నాటకం గొప్పదనం పుస్తకంలో ఉంది, దాన్ని మనకు చూపించింది మాత్రం ఆ వందల ప్రదర్శనలు. ఆ అవకాశమే దక్కని నాటకం గొప్పదా కాదా అని తేల్చడానికి మన దగ్గర కొలత లేదు.

మూడో ప్రశ్న ఆడవాళ్ళ నాటకాలని వేరే పెట్టె కట్టడం గురించి. కట్టకపోతే ఎవరూ వెతకరు, కడితే ఆ పెట్టెలోనే ఉండిపోతారు. ఫ్రాన్స్‌లో వారసత్వ సంపదకు ‘పాట్రిమ్వాన్’ అంటారు, తండ్రి అన్న మూలం నుంచి వచ్చిన మాట. దానికి జోడీగా తల్లి నుంచి వచ్చిన సంపద అన్న అర్థంలో ‘మాట్రిమ్వాన్’ అన్న పాత మాటను తిరిగి వాడుకలోకి తెచ్చారు. కాథరిన్ బెర్నార్ లాంటివాళ్ళు ఆ వెతుకులాటలోనే మళ్ళీ ముందుకొచ్చారు. ఆమె 1690లో బ్రూటస్ రాస్తే, 40 ఏళ్ళ తర్వాత అదే పేరుతో, అదే కథతో రాసిన వోల్టేర్ మీద కాపీ ఆరోపణ వచ్చింది. ఇటు ఆఫ్రా బెన్ మాత్రం తన నాటకం ది లక్కీ చాన్స్ ముందుమాటలో, నాలోని కవికి, అంటే నాలోని ‘మగ భాగానికి’, నా ముందువాళ్ళకిచ్చిన హక్కే ఇవ్వండి, అంతే అడుగుతున్నాను అన్నారు. ఆమె వేరే పెట్టె అడగలేదు.

‘తొలి మహిళా నాటకకర్త’ అన్న బిరుదుతో కూడా జాగ్రత్తగా ఉండాలి. బెన్‌ను అలా పిలిస్తే కేరీ పోతారు, 1663లో డబ్లిన్‌లో అనువాద నాటకం ఆడించిన కాథరిన్ ఫిలిప్స్ పోతారు. ఒకరిని తలుచుకునే ఉత్సాహంలో ఇంకొకరిని చెరిపేస్తాం.

తిరిగి ఆడేటప్పుడు మార్చవచ్చా?

1986లో ది రోవర్ వేసిన జాన్ బార్టన్ పాఠాన్ని బాగా మార్చాడు. కొన్ని భాగాలు తీశాడు, కొన్ని కలిపాడు. ఇప్పటి ప్రేక్షకుడికి అందాలంటే తప్పదని ఒక వాదన. షేక్స్‌పియర్‌నూ కత్తిరించే ఆడతారు కదా అంటారు. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ పెద్ద వేదిక దొరికినప్పుడైనా ఆమె మాటలు ఆమెవిగా వినపడాలి కదా అని ఇంకో వాదన. హామ్లెట్‌ను ఎంత మార్చినా అసలుది అందరికీ తెలుసు. తెలియని నాటకాన్ని మారిస్తే, మార్చిందే అసలనుకుంటారు. నేను ఈ రెండో మాట వైపే మొగ్గుతాను.

ఆలిస్ చైల్డ్రెస్ ఈ మాట కోసం చాలా పోగొట్టుకున్నారు. ఆమె నల్లజాతి అమెరికన్ రచయిత్రి. 1955లో న్యూయార్క్‌లో చిన్న థియేటర్‌లో ఆమె నాటకం ట్రబుల్ ఇన్ మైండ్ ఆడింది. జాతి వివక్షకు వ్యతిరేకమని చెప్పుకునే ఒక నాటకం రిహార్సల్స్‌లో, తెల్ల దర్శకుడి ముందు విలెటా అనే నల్లజాతి నటి తన పాత్ర అబద్ధమని ఎదురు తిరిగే కథ. న్యూయార్క్‌లో పెద్ద థియేటర్లుండే బ్రాడ్‌వేకు తీసుకెళ్తామన్నారు. ముగింపు కాస్త మెత్తబరచమన్నారు. చైల్డ్రెస్ అప్పటికే ఒకసారి తలవంచి మార్చి, బాధపడి ఉన్నారు. ఈసారి ఒప్పుకోలేదు. 1957లో ఆ ఏర్పాటు ఆగిపోయింది. 1959లో లొరేన్ హాన్స్‌బెర్రీ బ్రాడ్‌వే మీద నాటకం ఆడించిన మొదటి నల్లజాతి స్త్రీ అయ్యారు. చైల్డ్రెస్ 1994లో చనిపోయారు. ట్రబుల్ ఇన్ మైండ్ 2021లో బ్రాడ్‌వే ఎక్కింది. ఆ రాత్రి ప్రేక్షకులు చూసింది ఆమె మెత్తబరచనన్న ముగింపునే.